నీటికి లొంగని కాగితం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని అడిగినప్పుడు, "మా రోజుల్లో అయితేనా..." అంటూ పాత కబుర్లు చెప్పడం కన్నా మీకు పనికొచ్చే సైన్సు సంగతి ఒకటి చెబుదామనుకున్నాను. అయితే ఆ సంగతి కూడా ఒక పాత కబురుతోనే మొదలుపెట్టక తప్పడం లేదు.

నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా ఒక నవంబరు నెలలో ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు బస్సులో వస్తున్నాను. స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు కావలసిన కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం ట్రంకుపెట్టెలో ఉన్నాయి. బస్సులో నిలబడడానికే చోటు లేదు. పెట్టెను టాపు మీద వేశారు. నవంబరు నెలలో మన జిల్లా వానల గురించి మీకు నేను చెప్పాలా? దారి పొడవునా కుండపోత. ఆత్మకూరులో దిగి పెట్టె తెరిస్తే మూత సందులోంచి నీళ్ళు దిగి అడుగున నిలిచి ఉన్నాయి. చేత్తో రాసిన సిరా అంతా చెదిరి నీలి మరకయింది. గుండ్రటి సీలు ఎవరిదో ఆనవాలు తెలియలేదు. మెల్లిగా పైకెత్తబోతే మడత దగ్గర తెగి సగం కాగితమే చేతికొచ్చింది.

అదే రోజు నా చొక్కా జేబులో ఒక పదిరూపాయల నోటు ఉంది. అది కూడా నాతోపాటే తడిసి ముద్దయింది. దాన్ని జాగ్రత్తగా విప్పి గోడకు అంటించి ఆరబెట్టాను. కాసేపటికి మళ్ళీ మామూలు నోటే అయింది. అంగడివాడు మారుమాట లేకుండా తీసుకున్నాడు.

పత్రాల కోసం మా నాయన మళ్ళీ రెండు రోజులు కూలి మానుకుని తిరిగాడు. గడువు ఇంకొక్క రోజు ఉందనగా కొత్తవి చేతికొచ్చాయి. నాయన నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఆ సంగతి నాకు ఎక్కువగా గుర్తుండిపోయింది. ఆ రోజుల్లో నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది: రెండూ కాగితాలే కదా, ఒకే వానలో తడిశాయి కదా, ఒకటెందుకు బతికింది, ఇంకొకటెందుకు చచ్చింది?

మా కెమిస్ట్రీ సారును అడిగితే నవ్వి, "నోటును కలపతో చెయ్యరురా, పత్తితో చేస్తారు. మిగతాది నువ్వే తెలుసుకో" అన్నారు. ఆ మిగతాది తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. మీకు అంత కాలం పట్టకుండా ఉండాలనే ఈ వ్యాసం.

కాగితం అంటే ఏమిటి?

మొక్కల నారలో సెల్యులోజ్ అనే పదార్థం ఉంటుంది. నారను ఉడికించి, దంచి, నీళ్ళలో కలిపి, జల్లెడ మీద పలుచగా పరిచి, నీరు కార్చి ఆరబెడితే పీచులన్నీ ఒకదానితో ఒకటి అల్లుకుని అతుక్కుంటాయి. అదే కాగితం. ఇందులో జిగురు ఉండదు. సెల్యులోజ్ అణువుల మీద ఉండే హైడ్రాక్సిల్ గుంపులు పక్క పీచు మీది గుంపులతో హైడ్రోజన్ బంధాలు ఏర్పరచుకుంటాయి. కాగితాన్ని నిలబెట్టేది ఆ బంధాలే.

కాగితానికి చావు తెచ్చేదీ ఆ గుంపులే. వాటికి నీళ్ళంటే మహా ఇష్టం. నీరు తగలగానే పక్క పీచును వదిలిపెట్టి నీటి అణువులను పట్టుకుంటాయి. పీచుల మధ్య ఉన్న సన్నని సందుల్లోకి, దీపం వత్తిలోకి నూనె ఎక్కినట్టు, కేశనాళికీయత వల్ల నీరు పాకిపోతుంది. ఇక కాగితం ముద్దయిపోతుంది.

మూడు గుణాలు, మూడు కారణాలు

'తడిసినా పాడుకాని కాగితం' అని ఒక్క మాటలో అనేస్తాం కానీ అందులో మూడు వేర్వేరు సంగతులున్నాయి. వీటిని విడదీసి చూడడమే ఈ వ్యాసంలో ముఖ్యమైన భాగం.

మొదటిది, నీటిని లోపలికి రానివ్వకపోవడం. తామరాకు మీద నీటిబొట్టు అని మనం సామెతగా వాడే మాట ఇదే. తామరాకు మీద కంటికి కనపడని బుడిపెలు, వాటి మీద మైనం పూత ఉంటాయి. జర్మనీ వృక్షశాస్త్రవేత్త విల్‌హెల్మ్ బార్ట్‌లాట్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద ఆకులను పరీక్షించి, 1997లో ఈ సంగతిని వివరంగా ప్రకటించారు. చేమాకు మీద నీళ్ళు పోసి చూస్తే మీకూ తెలుస్తుంది.

రెండవది, లోపలికి నీరు వచ్చినా చిరగకపోవడం. దీనికి పీచు పొడవుగా, గట్టిగా ఉండాలి. పొట్టి పీచుల కాగితం తడిస్తే త్వరగా విడిపోతుంది. పొడవైన పీచులు ఒకదానికొకటి చాలాచోట్ల పెనవేసుకుంటాయి కాబట్టి పట్టు తప్పవు. టీ సంచి కాగితం చూడండి. మరిగే నీళ్ళలో ముంచినా చినగదు. అందులో వాడే అబాకా నార అరటికి దగ్గరి చుట్టమైన మొక్క నుంచి వస్తుంది. దానికి తోడు తడిలోనూ పట్టు వదలని రసాయనం కొద్దిగా కలుపుతారు.

మూడవది, రాత చెరగకపోవడం. ఇది కాగితం గుణం కన్నా సిరా గుణం. ఫౌంటెన్ పెన్ను సిరా నీళ్ళలో కరిగే రంగు. అచ్చు సిరాకు నూనె ఆధారం కాబట్టి కరగదు.

ఇప్పుడు నా ప్రశ్నకు జవాబు దొరికింది కదా. నోటు పూర్తిగా పత్తి పీచుతో చేసింది. పత్తిలో దాదాపు 90 శాతం సెల్యులోజే. దాని మీద గట్టి పూత ఉంది. అచ్చు సిరా కరగనిది. నా సర్టిఫికెట్ చవకరకం కాగితం మీద నీళ్ళ సిరాతో రాసింది. మూడు పరీక్షల్లోనూ అదే ఓడిపోయింది.

కలప వాడకం నిన్నమొన్నటిది

కాగితం అంటే చెట్లు నరకాల్సిందే అని మనం అనుకుంటాం. నిజానికి కలపతో కాగితం చెయ్యడం 19వ శతాబ్దంలోనే ఊపందుకుంది. క్రీ.శ. 105లో చైనాలో త్సాయ్ లున్ చక్రవర్తికి చూపించిన కాగితంలో మల్బరీ బెరడు, జనపనార, చింకిగుడ్డలు, పాత చేపల వలలు ఉన్నాయని చెబుతారు. జపానువాళ్ళు కోజో అనే మల్బరీ జాతి బెరడుతో కాగితం చేసి, నూనె పట్టించి వాన గొడుగులు కట్టారు. కాగితంతో గొడుగు! అంతకన్నా రుజువు ఇంకేం కావాలి?

మన దగ్గర కాగితం రాకముందు తాటాకులున్నాయి. ఆకుకు పసుపు, నూనె పట్టించి దాచేవారు. తర్వాత నిజాం రాజ్యంలో కోరుట్ల చేతికాగితానికి పేరుపడింది. పట్వారీల లెక్కల పుస్తకాలకు ఆ కాగితం వాడేవారు. మన దేశంలో చేతికాగితానికి పాత జనుము తాళ్ళు, గోనెలు, గుడ్డపీలికలు ముడిసరుకు. ఆరిన కాగితానికి గంజి పూసి, నున్నటి రాయితో రుద్ది మెరుపు తెప్పించేవారు. మన నెల్లూరు రైతులు పచ్చిరొట్ట ఎరువుగా దున్నేసే జనుము ఒకప్పుడు పుస్తకమై బతికిందన్నమాట.

1934లో గాంధీజీ ఆధ్వర్యంలో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం ఏర్పడినప్పుడు, జె.సి. కుమరప్ప చేతికాగితాన్ని కూడా బతికించవలసిన పరిశ్రమల్లో చేర్చారు. ఆయన పేరు మీదే జైపూర్ దగ్గర సాంగానేరులో జాతీయ చేతికాగితం సంస్థ ఉంది. పెద్ద మిల్లుల్లోనూ కలప లేని కాగితం ఉంది. తమిళనాడు న్యూస్‌ప్రింట్ మిల్లు 1984 నుంచి చెరకు పిప్పితో కాగితం చేస్తోంది.

మన కంచెలో ఉన్న నార

ఇప్పుడు మన ఊళ్ళకు వద్దాం. మెట్టచేల గట్ల మీద, కంచెల వెంట పెద్ద పెద్ద మట్టలతో, కొసన ముల్లుతో పెరిగే కిత్తలి మీకు తెలుసు. కొందరు రాకాసిమట్ట అంటారు, కొందరు కలబంద అనేస్తారు. మందుకు వాడే కలబంద వేరు, ఇది వేరు. మెక్సికో నుంచి వచ్చి మన ఎర్రనేలల్లో స్థిరపడిపోయింది. నీళ్ళు అడగదు, ఎరువు అడగదు, మేక ముట్టదు. పూర్వం దీని నారతో పగ్గాలు, పలుపులు పేనేవారు. నైలాన్ తాళ్ళు వచ్చాక ఎవరూ పట్టించుకోవడం లేదు.

ఇక్కడ ఒక లెక్క చూడండి. రాజమండ్రి కాగితం మిల్లుకు వెళ్ళే సుబాబుల్, సరుగుడు కలపల్లో పీచు పొడవు సుమారు 1 మిల్లీమీటరు. వరిగడ్డి పీచు కూడా ఇంచుమించు అంతే. కిత్తలి జాతి నారలో పీచు 2 నుంచి 4 మిల్లీమీటర్లు. అరటి నారదీ దాదాపు అంతే. అంటే తడిసినా చిరగకుండా నిలిచే గుణానికి మన కంచెలోని మొక్క ఆ కలప కన్నా మేలు. వరిగడ్డికి ఇంకో ఇబ్బంది ఉంది. అందులో ఇసుక జాతి సిలికా ఎక్కువ, ఉడికించిన నీటిని శుభ్రం చెయ్యడం కష్టం. పైగా గడ్డి మన పశువుల నోటిదగ్గర కూడు.

చేసి చూద్దాం

నేను ఇప్పుడు హైస్కూల్లో సైన్సు చెబుతున్నాను. సైన్సు ప్రదర్శన కోసం పిల్లలతో కలిసి చేసిన పద్ధతి ఇది. పెద్దవాళ్ళ సాయం లేకుండా చెయ్యొద్దు.

కిత్తలి అడుగు మట్టలు నాలుగైదు కోసి, ముళ్ళు తీసేసి, చీల్చి, నీళ్ళ తొట్టిలో రెండు వారాలు నానబెట్టాలి. దాని రసం తగిలితే ఒళ్ళు దురద పెట్టి మంట పుడుతుంది, చేతులకు తొడుగులు తప్పనిసరి. చెరువులోనో వాగులోనో నానబెట్టకండి. నీళ్ళు కుళ్ళి చేపలు చస్తాయి. గుజ్జు కుళ్ళిన తర్వాత చెక్కతో గీకి, కడిగి, ఆరబెడితే తెల్లటి నార వస్తుంది.

ఎండిన నార 100 గ్రాములు తీసుకుని వేలిగోరంత ముక్కలుగా కత్తిరించాలి. రెండు లీటర్ల నీళ్ళలో 20 గ్రాముల చాకలి సోడా కలిపి, అందులో ఈ ముక్కలను రెండు మూడు గంటలు ఉడికించాలి. పీచులను అంటించి ఉంచే లిగ్నిన్, బంకలు కొంత వరకూ కరిగిపోతాయి. గిన్నె స్టీలుదే కావాలి. నేను మొదటిసారి తెలివి తక్కువగా అల్యూమినియం గిన్నె వాడాను. సోడా గిన్నెనే తినేసింది, నార నల్లబడింది. పిల్లల ముందు పరువు పోయినా, క్షారాలు అల్యూమినియంతో చర్య జరుపుతాయన్న పాఠం మాత్రం వాళ్ళకు జన్మలో మరచిపోకుండా వచ్చింది.

ఉడికిన నారను జారుడు పోయేదాకా కడగాలి. కడిగిన నీటిని నిమ్మరసంతో విరిచి, లిట్మస్‌తో చూసి, అప్పుడే పారబొయ్యాలి. తర్వాత రోట్లో వేసి దంచాలి. ఓపికంతా ఇక్కడే కావాలి. దంచేకొద్దీ పీచు పైపొర చిట్లి సన్నటి నూగులాగా లేస్తుంది. ఆ నూగే పక్క పీచులను పట్టుకుంటుంది. చిటికెడు గుజ్జు గాజుగ్లాసు నీళ్ళలో వేసి కలిపితే ఉండలు లేకుండా మబ్బులా పరచుకోవాలి. అంతవరకూ దంచాల్సిందే.

పలకంత చెక్క ఫ్రేముకు దోమల జాలి బిగించి, తొట్టి నీళ్ళలో కలిపిన గుజ్జులో ముంచి, సమంగా పైకెత్తాలి. నీరు కారాక గుడ్డ మీద బోర్లించి, పైన ఇంకో గుడ్డ వేసి, బండరాళ్ళు పెట్టి నొక్కి, నీడలో ఆరబెట్టాలి. నారలో సగం దాకా ఉడకడంలో, కడగడంలో పోతుంది. మిగిలినదాంతో మాకు నోటుబుక్కు పేజీ అంత కాగితాలు పది లోపు వచ్చాయి.

నీటిని నెట్టే మందు

ఇలా చేసిన కాగితం బలంగానే ఉంటుంది కానీ నీటిని పీల్చేస్తుంది. దానికి మూడు మార్గాలున్నాయి.

ఒకటి, గంజి గానీ చింతగింజల పిండి జిగురు గానీ పూయడం. దీనివల్ల సిరా పాకదు, రాసుకోవడానికి బాగుంటుంది. కానీ వానకు ఆగదు.

రెండు, రోజన్, పటిక. రోజన్ పైన్ చెట్టు జిగురు నుంచి వస్తుంది. రేడియో రిపేరు షాపులో టంకం పెట్టేటప్పుడు పక్కన ఉండే తేనెరంగు ముద్ద అదే. 1807లో జర్మనీలో మోరిట్జ్ ఇల్లిగ్ ఈ పద్ధతిని ప్రచురించాడు. 2 గ్రాముల రోజన్ పొడిని అర గ్రాము చాకలి సోడాతో గ్లాసు నీళ్ళలో మరిగిస్తే సబ్బునీళ్ళలా అవుతుంది. దాన్ని గుజ్జు తొట్టిలో కలిపి, ఆ తర్వాతే 4 గ్రాముల పటిక కరిగించి పొయ్యాలి. పీచు మీద రుణావేశం ఉంటుంది, పటికలోని అల్యూమినియం మీద ధనావేశం ఉంటుంది. అది ఒక చేత్తో పీచును, ఇంకో చేత్తో రోజన్‌ను పట్టుకుని రెండింటినీ కలుపుతుంది. పి.హెచ్. కాగితంతో చూస్తే 4.5, 5 మధ్య ఉండాలి. ఆరిన కాగితాన్ని ఒకసారి ఇస్త్రీ చేస్తే ఇంకా బాగా పనిచేస్తుంది. ఇందులో ఒక లోపం ఉంది. పటిక వల్ల మిగిలే ఆమ్లం దశాబ్దాలు గడిచేకొద్దీ కాగితాన్ని పసుపుపచ్చగా, పెళుసుగా చేస్తుంది. పాత పుస్తకాలు ముట్టుకుంటే విరగడానికి ఇది ఒక కారణం. అందుకే 1950ల తర్వాత మిల్లులు ఆమ్లం అవసరం లేని పూతల వైపు మళ్ళుతూ వచ్చాయి.

మూడు, మైనం. తేనెమైనం సుమారు 62 డిగ్రీల దగ్గర కరుగుతుంది. దాన్ని నేరుగా మంట మీద పెట్టకూడదు, అంటుకుంటుంది. వేడినీళ్ళ గిన్నెలో చిన్న గిన్నె పెట్టి కరిగించి, కాగితానికి పలుచగా పూసి, రెండు పాత పేపర్ల మధ్య పెట్టి ఇస్త్రీ చెయ్యాలి. నీరు నిలవదు. కానీ దాని మీద పెన్ను కూడా నిలవదు! ముందు రాసి, తర్వాత పూయాలి.

పరీక్ష పెడదాం

మిల్లుల్లో దీనికి కాబ్ పరీక్ష అని ఒకటుంది. కాగితం మీద కొలిచిన నీటిని 60 సెకన్లు నిలిపి, చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల నీరు పీల్చిందో తూకం వేసి చూస్తారు. మనకు ఒక డ్రాపర్, గడియారం చాలు. మా పిల్లలు నాలుగు కాగితాల మీద ఒక్కొక్క బొట్టు వేశారు. ఏమీ కలపని కాగితం చూస్తుండగానే పీల్చేసింది. గంజి పూసింది కాస్త ఆలస్యం చేసింది. రోజన్, పటిక కలిపింది నిమిషాల తరబడి బొట్టును అలాగే నిలబెట్టింది. మైనం కాగితం మీద బొట్టు గోళీలా దొర్లింది. తర్వాత నాలుగింటినీ రాత్రంతా నీళ్ళలో నానబెట్టి లాగి చూశాం. మామూలు నోటుబుక్కు పేజీ ముద్దగా విడిపోయింది. కిత్తలి కాగితాలు మెత్తబడ్డాయి కానీ తెగలేదు. పీచు బలం వేరు, పూత బలం వేరు అన్న సంగతి అప్పుడు అందరికీ అర్థమయింది.

ఇది మనకెందుకు?

లేనిపోని ఆశలు పెట్టను. చేత్తో చేసిన కాగితం ధరలో మిల్లు నోటుబుక్కుతో పోటీ పడలేదు. కానీ ఫైలు కవర్లు, సర్టిఫికెట్ల సంచులు, పుస్తకాల అట్టలు, కానుకల పెట్టెలు దీనితో చెయ్యొచ్చు. 2022 జూలై 1 నుంచి దేశమంతటా కొన్ని రకాల ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులను నిషేధించారు. అప్పటి నుంచి కాగితం కప్పుల వైపు జనం చూపు మళ్ళింది. అయితే మనం టీ తాగే కాగితం కప్పులో కూడా లోపల పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుందని చాలామందికి తెలియదు. ప్లాస్టిక్ లేకుండా నీటిని ఆపే కాగితం కోసం ప్రపంచమంతటా వెతుకుతున్నారు. ఆ వెతుకులాటలో మన హాస్టల్ పిల్లలు ఎందుకు ఉండకూడదు?

ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు చూడండి. కొండ మీది కర్ర, చేతి పనితనం, ఈ రెండే పెట్టుబడి. ఆ పనికి ఈరోజు దేశమంతా పేరుంది. ఊళ్ళో ఉన్న వస్తువు విలువ ఊళ్ళోవాళ్ళే ముందు గుర్తించాలని ఆ గరిటెలు మనకు చెబుతున్నాయి.

ఇప్పుడు సర్టిఫికెట్లు కంప్యూటర్‌లో అచ్చవుతున్నాయి, ఫోనులోనూ దాచుకోవచ్చు. మంచిదే. అయినా తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ అసలు కాగితాలను ఒక కవరులో పెట్టి, పెట్టెలో అడుగున కాకుండా బట్టల మధ్య పెట్టుకోండి. ఆ ఒక్క కాగితం వెనుక మీ అమ్మానాయనల ఎన్ని రోజుల కూలి ఉందో మీకు తెలుసు.

మా సైన్సు ప్రదర్శన అయ్యాక పిల్లలు మిగిలిన కిత్తలి కాగితంతో ఒక కవరు కుట్టి, మైనం పూసి నాకిచ్చారు. అందులో మా నాయన అప్పుడు తిరిగి తెచ్చిన ఆదాయ ధ్రువీకరణ పత్రం నకలు పెట్టుకున్నాను. దాని అవసరం ఎప్పుడో తీరిపోయింది. అయినా అది తడవకుండా చూసుకోవడం నా బాధ్యత అనిపిస్తుంది.

ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు చేనిగట్టు మీద కిత్తలి కనిపిస్తే ముల్లు చూసి పక్కకు తప్పుకోకండి. ఒక్క నిమిషం ఆగి, లోపల ఉన్న నారను గుర్తు చేసుకోండి. సెలవు.

— ఒక పూర్వ విద్యార్థి